కత్తి ఒకరిది, అనుమతి మరొకరిది: సమురాయ్‌ల సెప్పుకు, దాని చుట్టూ అల్లుకున్న కథలు

(ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని ఎత్తి రాశాము.)

సభకు నమస్కారం.

జపాను పాతకాలపు యోధులైన సమురాయ్‌లు కడుపు కోసుకొని ప్రాణం తీసుకునే సెప్పుకు గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహక మిత్రులు కొంచెం వెనుకాడారు. మరీ రక్తపాతం లేకుండా చూడండి అన్నారు. చూస్తాను. నిజానికి ఈ సాయంత్రం నేను కత్తి గురించి మాట్లాడే దానికంటే కాగితం గురించి మాట్లాడేది ఎక్కువ. ఎవరు అనుమతి ఇచ్చారు, ఎవరు సాక్ష్యం చూశారు, చివరికి దస్తావేజులో ఏమని రాశారు అన్నవే నా ప్రశ్నలు.

హరాకిరి అనే మాట మనకు కొత్త కాదు. మన పత్రికలలో ఆటల పేజీ తిరగేయండి. గెలవవలసిన మ్యాచ్‌లో అక్కరలేని షాట్ కొట్టి వికెట్ పారేసుకున్న బ్యాటర్ 'హరాకిరి చేసుకున్నాడు' అని రాస్తారు. ఎన్నికల ముందు టిక్కెట్లు తప్పుగా పంచిన పార్టీది 'రాజకీయ హరాకిరి' అవుతుంది. అంటే తెలుగులో ఈ మాటకు స్థిరపడిన అర్థమేమిటి? తెలివితక్కువగా తన చేటు తానే కొని తెచ్చుకోవడం. ఆ పని చేసిన సమురాయ్‌లకు గాని, చేయించిన ప్రభువులకు గాని ఈ అర్థం వినిపిస్తే దిమ్మ తిరిగిపోయేది.

జపానీయులు దీనిని పద్ధతిగా చెప్పవలసినప్పుడు సెప్పుకు అంటారు. రాసే అక్షరాలు రెండే: ఒకటి కోయడం, రెండవది కడుపు. వాటినే వరుస మార్చి, చైనా ఉచ్చారణకు బదులు దేశీ ఉచ్చారణతో పలికితే హరాకిరి. మనం 'ఉదరచ్ఛేదం' అంటే ఒక రకంగానూ, 'కడుపు కోసుకోవడం' అంటే మరొక రకంగానూ వినబడుతుంది కదా, తేడా అంతే.

మరి కడుపే ఎందుకు? మెడ ఉంది, గుండె ఉంది. జపాను భాషలో మనిషి అసలు ఉద్దేశం ఉండే చోటు 'హర', అంటే కడుపు. దాపరికం లేకుండా మాట్లాడడాన్ని వారు 'కడుపు విప్పడం' అంటారు. కుట్రలు పన్నేవాడు 'నల్లకడుపువాడు'. మన పెద్దలు ఏమన్నారు? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది అన్నారు. ఇంటి గుట్టు బయట పెట్టుకుంటే నీకే సిగ్గు, కనుక మూసి ఉంచుకో అని మన సామెత. సమురాయ్ ఆ సామెతను తిరగవేశాడు. నా లోపల ఏముందో తెరిచి చూపిస్తాను, మచ్చ ఉందేమో మీరే చూసుకోండి అన్నాడు. ఇక్కడ ఒక్క చిక్కు ఉంది. తెరిచి చూపించాలంటే చూసేవాడు ఉండాలి. ఒంటరిగా, ఎవరికీ తెలియకుండా చేసుకునే సెప్పుకుకు పరువు లేదు.

పాత కథల్లో ప్రముఖమైనది 1180లో జరిగింది. మినమొతొ యొరిమస డెబ్బై దాటిన వృద్ధుడు, యోధుడు, పేరున్న కవి. ఉజి దగ్గర ఓడిపోయి బ్యోదొ-ఇన్ ఆలయ ఆవరణలోకి వచ్చి, తన తల తీయమని అనుచరుణ్ణి అడిగాడు. హెయికె యుద్ధగాథలో ఆ అనుచరుడు ఏడుస్తూ, బ్రతికి ఉన్న మీ మీద నేను చెయ్యెత్తలేను, ముందు మీ ప్రాణం మీరు తీసుకోండి, తరువాత ఆ పని చేస్తాను అంటాడు. అప్పుడు యొరిమస పద్యం చెప్పాడు. పూత పూయని మోడు తన జీవితం అని ఆ పద్యం సారాంశం. నాకు ఈ ఘట్టంలో ఆ అనుచరుడి నిరాకరణే ఎక్కువ ఇష్టం. తరువాతి శతాబ్దాలలో వెనుక కత్తి ఎత్తి నిలబడే మనిషికి కైషాకు అని పేరు పెట్టి, ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు కదలాలో నియమాలు రాశారు. ఆ నియమాలలో ఏడవడానికి చోటు లేదు.

గమనించండి, యొరిమసకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, అనుమతీ ఇవ్వలేదు. శత్రువు చేతికి చిక్కకూడదని రణరంగం అంచున అతడే తేల్చుకున్నాడు. 1333లో కమకుర పతనమైనప్పుడు తొషొజి ఆలయంలో అక్కడి పాలకులైన హొజొ వంశీయులూ వారి పరివారమూ వందల సంఖ్యలో చనిపోయినదీ ఇటువంటి అంచుననే. అప్పటికి సెప్పుకు ఓటమి నుంచి తప్పించుకునే ద్వారం.

అది బేరంగా మారడం 1582లో కనిపిస్తుంది. సేనాని హిదెయొషి తకమత్సు కోటను ముట్టడించి, నదికి అడ్డంగా కట్ట వేసి కోట చుట్టూ నీరు నింపేశాడు. అదే సమయానికి క్యోతోలో తన ప్రభువు ఒద నొబునగ హతుడయ్యాడని రహస్యంగా కబురు అందింది. ఎదుటి పక్షానికి ఆ సంగతి తెలియకముందే సంధి చేసుకొని వెనుదిరగాలి. షరతు ఏమిటి? కోట నాయకుడు షిమిజు మునెహరు ప్రాణం. లోపలి వారందరినీ వదిలిపెడతారు. మునెహరు పడవ ఎక్కి, ఆ నీటి మధ్యకు వచ్చి, రెండు సైన్యాలు చూస్తూ ఉండగా సెప్పుకు చేసుకున్నాడు. ఆ మరణానికి మంచి పేరు వచ్చింది. కాని ఆలోచించండి, ఎదుటివాడికి ఎంత తొందరగా ఉందో తెలిసి ఉంటే మునెహరు ఆ బేరానికి ఒప్పుకొని ఉండేవాడా?

ఇక 1603 తరువాత తొకుగవ వంశపు షోగున్‌ల, అంటే దేశాన్ని ఏలే సర్వసేనానుల, పాలన. రెండున్నర శతాబ్దాలకు పైగా దేశంలో శాంతి. ఇప్పుడు మీరే చెప్పండి, యుద్ధం లేని కాలంలో యోధుడికి పనేమిటి? లెక్కలు రాశాడు, గిడ్డంగులు చూశాడు, ప్రభువు గుమ్మం దగ్గర కాపలా కాశాడు. అటువంటి కాలంలో సెప్పుకు ఒక శిక్షగా, ఆ శిక్షే ఒక గౌరవంగా స్థిరపడింది. మామూలు మనిషి నేరం చేస్తే తలారి తల నరుకుతాడు. సమురాయ్ అయితే తెల్లబట్టలు, పద్యం రాసుకోవడానికి కాగితం, పళ్లెంలో పొట్టి కత్తి, ఎదురుగా అధికార సాక్షులు. రానురాను పళ్లెంలో కత్తి కూడా నామమాత్రమైపోయింది. కొన్నిచోట్ల దానికి బదులు మడత విసనకర్ర పెట్టేవారు. మనిషి విసనకర్ర కోసం చెయ్యి చాచగానే వెనుకనున్నవాడు పని ముగించేవాడు. కడుపు కోయకుండానే 'కడుపు కోసుకున్నాడు' అని దస్తావేజులో రాసేవారు. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, మళ్లీ వస్తాను.

మరి తనంతట తాను ప్రభువు వెంట చనిపోతానన్నవాడి సంగతి? దీనిని జున్షి అంటారు. ప్రభువు సహజంగా కన్నుమూసినా సరే, నమ్మిన బంట్లు వెంట వెళ్లడం. 1663లో షోగున్ ప్రభుత్వం ఇది అధర్మమనీ నిష్ప్రయోజనమనీ చెప్పి నిషేధించింది. దయతో నిషేధించిందా? నాకు అంత నమ్మకం లేదు. తండ్రితో పాటు అనుభవజ్ఞులంతా పోతే కొడుకు దగ్గర ఎవరు మిగులుతారు? పైగా సేవకుడి విధేయత వ్యక్తికి కాదు, ఆ వంశానికి అని నేర్పవలసిన అవసరం కొత్త రాజ్యానికి ఉంది.

ఈ నిషేధం ఒక విచిత్రమైన పుస్తకాన్ని పుట్టించింది. సగ సంస్థానంలో యమమొతొ త్సునెతొమొ అనే కొలువుగాడు తన ప్రభువు 1700లో చనిపోతే వెంట పోవాలనుకున్నాడు. కుదరలేదు. షోగున్ కంటే ముందే ఆ ప్రభువే తన సీమలో జున్షిని నిషేధించి ఉన్నాడు. త్సునెతొమొ గుండు చేయించుకొని సన్న్యాసిగా కొండ దగ్గర కుటీరంలో ఉండిపోయాడు. అతని మాటలను ఒక యువకుడు ఏళ్ల తరబడి రాసుకుంటే తయారైనదే 'హగకురె'. యోధుడి మార్గమంటే మరణమే అన్న ప్రసిద్ధ వాక్యం అందులోదే. ఇరవయ్యవ శతాబ్దపు యుద్ధకాలంలో ఆ వాక్యాన్ని ఎందరో కుర్రవాళ్ల నోట పలికించారు. చెప్పినాయన మాత్రం యుద్ధమే చూడలేదు, 1719లో చాప మీదే పోయాడు. నేను ఎగతాళి చేయడం లేదు. చావడానికి అనుమతి దొరకని మనిషి చావు గురించి ఎంత తీవ్రంగా మాట్లాడగలడో చూడండి అంటున్నాను.

ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న కథకు వస్తాను. నలభై ఏడుగురు రోనిన్‌లు. రోనిన్ అంటే ప్రభువు లేని సమురాయ్, కొలువు పోయినవాడు.

1701లో షోగున్ ఉండే ఎదో నగరపు (ఇప్పటి తోక్యో) కోటలోని నడవలో అకొ ప్రభువు అసనొ నగనొరి, రాజమర్యాదల అధికారి కిర మీద కత్తి దూశాడు. గాయం చిన్నదే. ఎందుకు దూశాడో నిశ్చయంగా తెలియదు. లంచం ఇవ్వనందుకు కిర అవమానించాడని కథలు చెబుతాయి. షోగున్ కోటలో కత్తి దూయడమే మహాపరాధం, కనుక అసనొకు ఆ రోజే సెప్పుకు విధించారు. అదైనా ఇంటి లోపల కాదు, మరొక ప్రభువు భవనం పెరట్లో. ఒక సంస్థానాధిపతిని పెరట్లో కూర్చోబెడతారా అని అప్పుడే కొందరు నొచ్చుకున్నారు. చూశారా, ప్రాణం పోవడం కంటే ఎక్కడ పోయింది అన్నది పెద్ద మాట అయింది. అకొ సంస్థానాన్ని జప్తు చేశారు. కిరకు ఏ శిక్షా లేదు.

అసనొ ప్రధానోద్యోగి ఒయిషి కురనొసుకె దాదాపు రెండేళ్లు ఓపిక పట్టాడు. 1703 జనవరి చివర, పాత పంచాంగం ప్రకారం పన్నెండవ నెల పద్నాలుగు రాత్రి, కిర భవనం మీద పడి అతణ్ణి చంపి, ఆ తలను సెన్‌గకుజి ఆలయంలోని ప్రభువు సమాధి ముందు పెట్టారు. తరువాత నిశ్శబ్దంగా ప్రభుత్వానికి లొంగిపోయారు. ప్రభుత్వం చిక్కులో పడింది. స్వామిభక్తి గొప్పదని తామే నేర్పుతున్నారు, అది చూపించినవాళ్లను ఎలా శిక్షించాలి? శిక్షించకపోతే చట్టం ఏమవుతుంది? ఒగ్యు సొరయి అనే పండితుడి వాదం ఏమిటంటే, వాళ్లు చేసినది వాళ్ల మటుకు ధర్మమే కావచ్చు, కాని సొంత ధర్మం దేశపు చట్టాన్ని మించకూడదు, కనుక చావవలసిందే, అయితే నేరస్థుల్లా కాక సెప్పుకుతో గౌరవంగా. వారాల తరబడి తర్జనభర్జన తరువాత జరిగింది అదే. నలభై ఆరుగురు, అందులో ఒయిషి కొడుకు చికర, పదిహేను పదహారేళ్ల పిల్లవాడు. నలభై ఏడవవాడైన తెరసక ఎందుకు మిగిలాడన్నది ఇప్పటికీ వాదనే. త్సునెతొమొ దీన్ని కూడా తప్పు పట్టాడు. ఈ రెండేళ్లలో కిర జబ్బు చేసి చనిపోతే ఏమి చేసేవారు, పని ముగిసిన వెంటనే ఆలయంలోనే కడుపు కోసుకోక ఆజ్ఞ కోసం ఎందుకు చూశారు అని ఆయన ప్రశ్న. ఆయనకు అనుమతి అన్న మాటే ముల్లు.

నాటకశాల ఈ కథను వదులుతుందా? సమకాలీన సంఘటనలను రంగం మీద చూపకూడదని ఆంక్ష ఉండేది. అందుకని కథను పద్నాలుగవ శతాబ్దంలోకి జరిపి, పేర్లు మార్చి, 1748లో ఒసకాలో బొమ్మలాటగా 'కనదెహొన్ చూషింగుర' ఆడారు. వెంటనే మనుషులు ఆడే కబుకి నాటకాలవాళ్లూ ఎత్తుకున్నారు. పదకొండు అంకాలు. అందులో రెండు సెప్పుకులు ఉన్నాయి, నాలుగవ అంకంలో ఒకటి, ఆరవ అంకంలో మరొకటి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఆ నాటకకర్తల తెలివి మనకు అందదు.

నాలుగవ అంకంలో చనిపోయేది ప్రభువు. తెల్లబట్టలు, తెల్లని పరుపు, సాక్షులు, అన్నీ విధి ప్రకారం. ఆయన మాత్రం పెద్ద ఉద్యోగి యురానొసుకె (ఒయిషికి నాటకంలో పెట్టిన పేరు) కోసం చూస్తుంటాడు. వచ్చాడా? ఇంకా రాలేదు. మళ్లీ అడుగుతాడు. ఇంకా రాలేదు. ఇక ఆగలేక కత్తి దిగిన తరువాత ఆ మనిషి పరుగున వస్తాడు. ఈ అంకం నడుస్తున్నంతసేపూ ప్రేక్షకులను లోపలికీ బయటికీ పోనివ్వకపోవడం ఆచారం. తలుపులు మూసేవారు. అంటే చూస్తున్న మనమంతా సాక్షులమే.

ఆరవ అంకంలో చనిపోయేది కన్‌పెయి. ప్రభువుకు ఆపద వచ్చిన వేళ ప్రియురాలితో ఉన్నాడు, కొలువులో లేడు. ఆ సిగ్గుతో ఆమె పుట్టింటి పల్లెకు చేరి వేటగాడై బ్రతుకుతున్నాడు. పగతీర్చుకునే దళంలో చేరాలంటే డబ్బు కావాలి. మామగారు కూతురిని వేశ్యావాటికకు అమ్మి ఆ డబ్బు తెస్తుంటే దారిలో దొంగ చంపేశాడు. చీకట్లో అడవిపంది అనుకొని కన్‌పెయి తుపాకి పేలిస్తే ఆ దొంగ చచ్చాడు. సంచి దొరికింది. ఇంటికి వచ్చాక మామగారి శవం కూడా ఇంటికి వచ్చింది. కన్‌పెయి ఏమనుకున్నాడు? మామను చంపింది తానే అనుకున్నాడు. అత్తగారూ అదే అనుకుంది, వచ్చిన రోనిన్‌లు ఇద్దరూ అదే అనుకున్నారు. అప్పటికప్పుడు ఆ పూరింట్లో కడుపు కోసుకున్నాడు. ఆ తరువాత, ఆ తరువాతనే సుమా, ఒకరు శవాన్ని పరీక్షించి ఇది తుపాకి దెబ్బ కాదు, కత్తి గాయం అన్నారు. నిర్దోషి అని తేలింది. చావబోతున్నవాడి చేత నెత్తుటి ముద్ర వేయించి దళం జాబితాలో పేరు చేర్చారు.

ఈ అంకానికి జనం దాదాపు మూడు శతాబ్దాలుగా ఏడుస్తున్నారు. కడుపు తెరిస్తే నిజం బయటపడుతుందని కదా మనం మొదట చెప్పుకున్నది? ఇక్కడ నిజం బయటపడింది కన్‌పెయి కడుపు తెరిచినందువల్ల కాదు, మామగారి ఒంటి మీది గాయాన్ని ఒకరు ఓపికగా చూసినందువల్ల. ఆ పని ఒక్క నిమిషం ముందు చేసి ఉంటే సరిపోయేది. నాటకకర్తలు ఈ మాట ఎక్కడా పైకి అనలేదు. అనవలసిన అవసరమూ లేదు.

1868లో విదేశీయులు సాక్షుల స్థానంలోకి వచ్చారు. సకయి రేవులో తొస సంస్థానపు సైనికులు పదకొండుమంది ఫ్రెంచి నావికులను చంపారు. ఫ్రాన్స్ పట్టుబట్టడంతో ఇరవైమందికి సెప్పుకు విధించారు. నలుగురు నాయకులు, మిగిలిన పదహారుగురిని చీటీలు తీసి ఎంచారు. వీళ్లలో చాలామంది కాలిబంట్లు, అసలు సమురాయ్ హోదా లేనివారు. ఎలాగూ చావమంటున్నారు, ఆ హోదా ఇచ్చి చంపండి అని అడిగారు, ఇచ్చారు. పదకొండవ మనిషి అయిన తరువాత ఫ్రెంచి నౌకాధికారి ఇక చాలన్నాడు. మిగిలిన తొమ్మిదిమంది బ్రతికారు. 1873లో సెప్పుకును శిక్షల పట్టీ నుంచే తీసివేశారు.

శిక్ష పోయింది గాని మాట పోలేదు. 1912 సెప్టెంబరు 13న, మెయిజి చక్రవర్తి అంత్యక్రియల రోజు, సేనాని నొగి మరెసుకె, ఆయన భార్య షిజుకొ ప్రాణాలు తీసుకున్నారు. 1877 యుద్ధంలో తన దళం జెండా శత్రువుల పాలైనందుకు ఇది ప్రాయశ్చిత్తమని ఆయన మరణపత్రంలో రాశారు. ముప్పై ఐదేళ్ల కిందటి జెండా. అప్పుడే చనిపోతానంటే చక్రవర్తి వద్దన్నారనీ, నేనుండగా కాదని అన్నారనీ చెబుతారు. దేశం రెండుగా చీలింది. కొందరు చేతులు జోడించారు. యువ రచయిత షిగా నవొయ తన డైరీలో 'మూర్ఖుడు' అని రాసుకున్నాడు.

నొగి మిత్రుడు, సైనిక వైద్యుడు, రచయిత మొరి ఒగయి ఆ కొద్దిరోజులలోనే కథ రాశాడు, ప్రభువు వెంట చనిపోయిన ఒక కొలువుగాడి మరణపత్రం రూపంలో. గౌరవంగానే రాశాడు. తరువాత పాత రికార్డులు చదువుతూ పోయాడు. మరికొద్ది నెలలకు, 1913లో, 'అబె వంశం' వచ్చింది. మిత్రులారా, ఈ అంశం మీద ఒక్కటే చదవగలిగితే ఇది చదవండి.

1641లో కుమమొతొ ప్రభువు హొసొకవ తదతొషి మరణశయ్య మీద ఉన్నాడు. వెంట వస్తామని ఒక్కొక్కరే అనుమతి అడుగుతున్నారు. పద్దెనిమిదిమందికి ఇచ్చాడు. అనుమతితో చనిపోతే ఆ కుటుంబానికి ఆదరణ, లేకుండా చనిపోతే అది కుక్కచావు. కుర్రవాడు ఒకడు అనుమతి సంపాదించి, ఇంటికి వచ్చి అమ్మతో, భార్యతో కలిసి కాస్త సారాయి పుచ్చుకొని, హాయిగా నిద్రపోతాడు. సమయం మించిపోతోందని వాళ్లే లేపాలి! కుక్కల సంరక్షకుడు ఒకడు తన కుక్క ముందు అన్నం ముద్ద పెట్టి, బ్రతకాలని ఉంటే తిను, నాతో రావాలని ఉంటే తినకు అంటాడు. కుక్క అతని ముఖం వైపు చూసి ముట్టకుండా ఊరుకుంటుంది.

అబె యాయిచియెమోన్ అనే నిజాయితీ గల ఉద్యోగికి మాత్రం అనుమతి దొరకలేదు. ఎందుకు? ప్రభువుకు అతడంటే ఎందుకో పడదు, అంతే. తప్పు పట్టడానికి ఏమీ లేకపోవడమే ఆ చిరాకుకు కారణం. కొత్త ప్రభువుకు సేవ చేయమన్నాడు, చేస్తున్నాడు. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. అనుమతి లేకపోవడం ఆయనకు కలిసి వచ్చింది, సొరకాయ బుర్రకు నూనె రాసి దానితో కోసుకోమనండి అన్నారు. పిల్లలను పిలిచి, వాళ్ల ఎదుటే కోసుకున్నాడు. ఇప్పుడేమైంది? బ్రతికితే పిరికివాడు, చస్తే ఆజ్ఞ మీరినవాడు. అతని ఇంటి జీతాన్ని కొడుకులకు ముక్కలుగా పంచి పెద్దకొడుకు హోదా తగ్గించారు. అతడు సంవత్సరీకం నాడు తన జుట్టుముడి కోసి ప్రభువు స్మారకం ముందు పెట్టాడు. ధిక్కారమని పట్టుకొని మామూలు నేరస్థుడిలా చంపారు. సెప్పుకు కూడా ఇవ్వలేదు! మిగిలిన కుటుంబం ఇంట్లోనే తలుపులు బిగించుకొని పోరాడి అంతరించింది. ఒగయి గొంతు ఎక్కడా పెంచడు, రికార్డు రాసే గుమాస్తాలా రాసుకుంటూ పోతాడు. నాకు భయం వేసింది ఆ స్వరానికే.

ఒక మిత్రుడు మిషిమ యుకియొ గురించి చీటీ పంపారు. క్లుప్తంగా చెబుతాను. 1970 నవంబరు 25న తోక్యోలోని సైనిక స్థావరం వసారా మీద నిలబడి తిరుగుబాటు చేయమని సైనికులకు ఉపన్యసించాడు. వాళ్లు గేలి చేశారు. లోపలికి వెళ్లి సెప్పుకు చేసుకున్నాడు. పెద్ద రచయిత, కాదనను. కాని ఆజ్ఞ ఇచ్చే ప్రభువు లేడు, అనుమతి అడిగే గుమ్మం లేదు, కింద నిలబడినవాళ్లు సాక్షులుగా ఉండడానికి ఒప్పుకోలేదు. అన్ని పాత్రలూ ఆయనే వేయవలసి వచ్చింది.

దానికంటే ఎనిమిదేళ్ల ముందు, 1962లో, కొబయాషి మసాకి 'సెప్పుకు' అనే సినిమా తీశాడు. బయటి దేశాలలో 'హరాకిరి' పేరుతో తెలిసింది. కథాకాలం 1630. సంస్థానాలు రద్దయి రోనిన్‌లు ఆకలితో తిరుగుతున్న రోజులు. ప్రభువుల గుమ్మానికి వచ్చి, మీ ముంగిట్లో సెప్పుకు చేసుకోనివ్వండి అంటే, ఈ గొడవ ఎందుకని నాలుగు డబ్బులిచ్చి పంపేవారు. ఇయి అనే ప్రభువంశం వారి భవనానికి అలా వచ్చిన ఒక యువకుడిని, అయితే కానీయ్ అని కూర్చోబెట్టారు. అతని ఒరలో ఉన్నది వెదురు కత్తి. భార్యాబిడ్డల జబ్బు కోసం అసలు కత్తి ఎప్పుడో అమ్ముకున్నాడు. ఆ వెదురుతోనే కోసుకోమన్నారు. ఆ యువకుడి మామ త్సుగుమొ హన్‌షిరొ తరువాత అదే ముంగిట్లోకి వచ్చి, తనకు కైషాకుగా ఫలానా ముగ్గురు కావాలని పేర్లు చెబుతాడు. ముగ్గురూ జబ్బని సెలవులో ఉన్నారు. ఎందుకో కాసేపటికి తెలుస్తుంది. హన్‌షిరొ ఒళ్లోనుంచి మూడు జుట్టుముళ్లు తీసి వారి ముందు పడేస్తాడు. జుట్టుముడి పోయిన సమురాయ్‌లు పరువు కోసం చావాలి కదా, మరి జుట్టు పెరిగేదాకా ఇంట్లో దాక్కున్నారేం? ఇది అతని ప్రశ్న.

అతణ్ణి చంపడానికి చివరకు తుపాకులు తెచ్చారు. ముంగిలి కడిగారు. కింద పడి ఉన్న ఇయి వంశపు కవచాన్ని మళ్లీ నిలబెట్టారు. భవనం దినచర్య పుస్తకంలో ఆ రోజు కింద రాశారు: త్సుగుమొ హన్‌షిరొ సెప్పుకు చేసుకొన్నాడు, ఇయి వారి మనుషులలో చనిపోయిన వారంతా జబ్బుతో చనిపోయారు.